నా పేరు మీద ఉన్న తాళం

మా తోటికోడలు సూర్యకళ టీ పెడితే మా మావయ్యగారు "ఆహా" అంటారు. ఇన్నేళ్ళుగా నేను పెట్టిన టీ తాగి ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టేసి వెళ్ళిపోవడమే గాని, ఆయన నోట ఒక్క "ఆహా" నేను వినలేదు. నేనూ ఆ పొడే వేస్తాను, ఆ పాలే పోస్తాను. ఆమె చిన్నకోడలు, ఇంజనీరింగు చదివింది, హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చింది. ఇంకేం కావాలి?

నాకు ఆమె మీద కుళ్ళు. దాచుకోవడం దేనికి? ఆమె చీర కుచ్చిళ్ళు చక్కగా కుదిరినా కుళ్ళే, ఆమె పెట్టిన గులాబీ అంటు బతికినా కుళ్ళే. పోనీ పొగరుబోతా అంటే అదీ కాదు. "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరుగుతుంది. పొగరు చూపిస్తే ఒక మాట అని చల్లారేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వదు మహాతల్లి.

మాది కడియపులంకలో నర్సరీ. మావయ్యగారు చంద్రరావుగారు బంతినారు అమ్ముకునే రోజుల నుంచి మొదలుపెట్టి, ఓడల మీద చెట్లు పంపే దాకా తీసుకొచ్చారు. మా ఆయన మురళీకృష్ణ మడుల్లో పని చూస్తాడు. మరిది గణేష్‌బాబు లారీలూ లోడింగూ చూస్తాడు. ఆఫీసు మాత్రం నాది. ఆఫీసంటే క్రోటన్ల మడి పక్కన రేకుల గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక తిరిగే కుర్చీ. బెంగళూరు నుంచి వచ్చినా మస్కట్ నుంచి వచ్చినా ఏ మెయిలైనా ముందు చదివేది నేను, జవాబు రాసేది నేను. నాది మామూలు డిగ్రీయే, కానీ ఏ చెట్టుకి ఎంత వేరుముద్ద ఉంచి తవ్వాలో ఇంగ్లీషులో రాయడం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మెయిల్ పాస్‌వర్డు నా పేరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆఫీసుకి మెయిల్ పెట్టించారు. రాజమండ్రి నుంచి వచ్చిన కంప్యూటరాయన పాస్‌వర్డు ఏం పెట్టమంటారని అడిగితే, మావయ్యగారు నా వంక చూసి "దుర్గ అని పెట్టండి" అన్నారు. ఆ కంప్యూటరాయన దాని పక్కన ఒకటి రెండు మూడు తగిలించాడు. గేటు మీద బోర్డు అత్తయ్యగారిది, బుల్లెమ్మ నర్సరీ. లారీల మీద మా మరిది పేరు. ఈ ఇంట్లో నా పేరు ఉన్నది ఆ పాస్‌వర్డులోనే. మా ఆయన, మరిది, గుమాస్తా త్రిమూర్తులు, ఆఖరికి బిల్లు కోసం వచ్చిన లారీ డ్రైవరు కూడా టకటకా నా పేరు కొట్టి లోపలికి వెళ్ళేవారు. అలా కొట్టినప్పుడల్లా నాకు లోపల ఎంత బాగుండేదో ఎవరికి చెప్పను?

మరిది పెళ్ళయ్యాక సూర్యకళ ఏడాదిపాటు ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన ఉద్యోగం తను చేసుకుంది. నా జోలికి రాలేదు. ఆ ఉద్యోగం మానేశాక ఆమె కన్ను మా ఆఫీసు మీద పడింది.

"మావయ్యగారూ, మన మెయిల్ ఏదో చవక ప్లాను మీద ఉందండి. ఊరికే ఆగిపోతోంది. మన నర్సరీ పేరుతో సొంత సర్వర్ పెట్టుకుందామండి, నేను చూసుకుంటాను" అంది.

"నీ ఇష్టం అమ్మా" అన్నారాయన, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా. నా కుర్చీ చక్రం విరిగింది, మార్పించండి అని నేను అడిగితే మాత్రం "చూద్దాంలే" అన్న మనిషి.

పని శుభ్రంగానే చేసింది, కాదనను. ఇంకెవడైనా మా పేరు పెట్టుకుని మెయిల్ పంపితే అవతలివాళ్ళు పట్టేసేలా ఏవో సంతకాలు, రుజువులు ఏర్పాటు చేసిందట. భోజనాల దగ్గర వివరంగా చెబుతుంటే మా ఆయన కూడా ముద్ద చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాడు. నేను చెబితే ఏనాడైనా అలా విన్నాడా? కావాలనే ఆయన కంచంలో చారు కాస్త ఎక్కువ పోసేశాను.

మర్నాడు ఇంటిల్లిపాదికీ తలో మెయిలూ ఇచ్చి, తలో చీటీ పంచింది. చీటీ మీద అడ్డదిడ్డంగా అక్షరాలు, అంకెలు, చుక్కలు.

"ఇది మీదండి అక్కా. ఆఫీసు మెయిల్ ఎప్పట్లాగే మీ దగ్గరే ఉంటుంది. పాత పాస్‌వర్డు మాత్రం వద్దండి, అది ఊరందరికీ తెలుసు. ఎవరిది వాళ్ళే ఉంచుకోవాలి, ఒకళ్ళది ఒకళ్ళకి చెప్పుకోకూడదు."

"ఇదేంటే, ఒకే ఇంట్లో ఉండి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకూడదా!" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటకి కారణం ఉంది. మా ఇంట్లో బీరువాలకి కూడా తాళాలు వెయ్యరు. ఉమ్మడి కాపురంలో కోడలు తన గదికి తాళం వేసిందంటే వేరు పడడానికి సిద్ధమైందనే అనుకుంటారు మావైపు. అదే తాళం నేను తెచ్చి ఉంటే ఆవిడ ఊరంతా టముకు వేసేవారు. సూర్యకళ చిన్నగా నవ్వి "సరదాకి కాదండి అత్తయ్యా, దొంగల భయం" అనేసరికి ఆవిడ కూడా నవ్వేసి చీటీ కొంగున ముడేసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పేరుకి మెయిల్ నాకే వదిలింది గాని, అందులోంచి నా పేరు ఊడబెరికింది. భోజనాలయ్యి అందరూ నడుం వాల్చిన వేళ ఆఫీసుకి వెళ్ళాను. చీటీ చూసి ఆ పిచ్చి అక్షరాలు కొట్టి, సెట్టింగుల్లోకి వెళ్ళి, మళ్ళీ దుర్గ ఒకటి రెండు మూడు పెట్టేశాను. సర్వరు కిక్కురుమనకుండా తీసుకుంది. త్రిమూర్తులికి కూడా ఆ మాట చెప్పాను. "హమ్మయ్య, బతికించారండి" అన్నాడు.

ఆ తర్వాతే మస్కట్ ఆర్డరు వచ్చింది. అక్కడో పెద్ద హోటలు వాళ్ళకి రాయల్ పామ్ చెట్లు కావాలన్నారు. మా మడుల్లో ఉన్నవన్నీ నేను పెంచినవే. మా పాప బడిలో చేరిన ఏడాది గింజలు నానబెట్టాను, సంచులు మార్చాను, పురుగు పడితే చేత్తో ఏరాను. ఇప్పుడవి నా తల దాటిపోయాయి. వాటిని పంపాలంటే గుండె చివుక్కుమంది గాని, దేశం కాని దేశంలో నా చెట్లు నిలబడతాయంటే అది కూడా గొప్పే కదా అనుకున్నాను.

తవ్వి తీసిన చెట్టు ఎక్కువ కాలం ఆగదు. వేరుముద్దకి గోనె చుట్టి, నీడన పెట్టి, నీళ్ళు చల్లుతూ ఉంటే కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత కొత్త ఆకు పుట్టే నడిమి మొవ్వు ఎండుతుంది. మొవ్వు ఎండితే ఇక ఆ చెట్టు బతకదు. చెట్లకి తెగులు లేదన్న సర్టిఫికెట్టూ మిగతా కాగితాలూ మేం మెయిల్లో పంపితే, వాళ్ళు అక్కడి అనుమతి పంపాలి. అప్పుడు గాని కంటైనరు కదలదు. చెట్లు తవ్వించి నీడవల కింద పెట్టించి, కాగితాలు పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ లేదు. ఆఖరికి ఫోన్ చేశాను. అక్కడ కొనుగోళ్ళు చూసే శాంతికుమార్‌గారు మన కాకినాడవాడే.

"ఏం మెయిలండీ? మీ దగ్గర్నుంచి ఒక్కటీ రాలేదండి" అన్నాడు. కాసేపటికి ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు. "దుర్గగారూ, మీ సర్వర్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టేశారంటండి. స్పామ్ పంపుతున్నారని. మా సిస్టమ్ మీ మెయిల్స్‌ని గుమ్మం బయటే ఆపేస్తోంది."

"వాట్సాప్‌లో పెట్టెయ్యనాండి?"

"కుదరదండి. ఎవడో వెధవ ఒకసారి అలాగే దొంగ కాగితాలు పంపాడు. అప్పట్నుంచి రిజిస్టరు చేసిన మెయిల్ నుంచి వస్తేనే తీసుకుంటున్నారు. గురువారం సాయంత్రం దాకా ఆపగలనండి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు, వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటారు."

ఫోన్ పెట్టేసి ముందు నేనేం చేశానో చెప్పనా? నవ్వాను. చెట్ల సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు మాత్రం, తస్సాదియ్యా, చిన్నకోడలి సర్వరు బ్లాక్‌లిస్టులో పడిందన్న సంతోషంతో క్రోటన్ల మడి మీదుగా దాదాపు పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వెళ్ళాను. అందరూ ఉన్నప్పుడే గట్టిగా చెప్పాను.

సూర్యకళ మొహం పాలిపోయింది. ల్యాప్‌టాప్ తెచ్చుకుని చూసి, "అవునండి. మన సర్వర్ నుంచి ఎవరో వేలకి వేలు చెత్త మెయిల్స్ పంపారు. లాటరీ తగిలిందని, బరువు తగ్గే మందులని" అంది. గణేష్‌బాబు ల్యాప్‌టాప్‌లో ఏదో దొంగ సినిమాతో పాటు వైరస్ దూరి ఉంది. దాన్నుంచే అనుకుని మొగుణ్ణి మా అందరి ముందే దులిపేసింది. నాకు పండగలా ఉంది. అది శుభ్రం చేసి, బ్లాక్‌లిస్టు వాళ్ళకి మా పేరు తీసెయ్యమని రాసింది. తీసేశారు కూడా. పొద్దున్న నేను ఆఫీసు తెరిచి కాగితాలు పంపబోయేసరికి మళ్ళీ ఎక్కించేశారు.

"రెండోసారి అంత తేలిగ్గా తియ్యరండి" అంది సూర్యకళ. "అసలు కారణం ఏంటో రాయాలి, సరిచేశామని చూపించాలి. ఈసారి కూడా తప్పితే ఇంక మన మాట వినరు."

అప్పటికి బుధవారం. నీడవల కిందికి వెళ్ళి చెట్లు చూశాను. చివరి వరసలో ఒకదాని మొవ్వు కొస బూడిదరంగుకి తిరుగుతోంది. చేత్తో పట్టుకుంటే పెళుసుగా తగిలింది. అక్కడే గోనె మీద కూలబడ్డాను. సూర్యకళ ఓడిపోవాలి, నిజమే. నా చెట్లు చచ్చి ఆమె ఓడిపోవడం నాకేం సుఖం?

ఆఫీసుకి తిరిగి వెళ్ళేసరికి ఆమె నా కుర్చీలో కూర్చుని ఉంది. నా కుర్చీలో! తెర మీద సన్నటి వరసలు జరజరా పైకి పాకుతున్నాయి. సరిగ్గా అప్పుడే త్రిమూర్తులు వచ్చాడు.

"చిన్నమ్మగారూ, ఒక్క నిమిషం లేవండి. లారీ బిల్లు ప్రింటు తీసేసుకుంటాను."

ఆమె లేచింది. వాడు వంగి, రోజూ కొట్టినట్టే టకటకా నా పేరు కొట్టాడు. మెయిల్ తెరుచుకుంది. సూర్యకళ వాడి వేళ్ళ వంకే చూస్తోంది. వాడు ప్రింటు తీసుకుని వెళ్ళిపోయాక మెల్లగా నా వైపు తిరిగింది. ఊరందరికీ తెలిసిన ఆ పాస్‌వర్డుతోనే ఎవడో దొంగ లోపలికి దూరాడని నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుని తెర మీది వరసల్లో పడింది.

ఇక చెప్పేస్తుంది, నా కుర్చీ పోయింది అనుకున్నాను. మెయిల్ వ్యవహారమంతా చిన్నకోడలికి అప్పజెబితే నయమని మావయ్యగారు అంతకుముందే మా ఆయనతో అన్నారు. సాకు కోసం చూస్తున్నారంతే. సాయంత్రం అరుగు మీద అందరం చేరాం.

"ఏంటమ్మా సూర్యకళా, తేలిందా?" అన్నారు మావయ్యగారు.

"తేలిందండి. తప్పు నాదేనండి మావయ్యగారూ. సర్వర్ పెట్టేటప్పుడు నేను సరిగ్గా చూసుకోలేదు."

ఆయన విసుక్కుంటారని చూశాను. ఎక్కడ!

"పోనీలే అమ్మా. కొత్త పని కదా. దిగులు పడకు" అన్నారు. అంతటితో ఆగారా, అత్తయ్యగారి వైపు తిరిగి "ఆ పిల్లకి కాస్త మజ్జిగ ఇవ్వవే, మొహం వాడిపోయింది" అన్నారు.

మజ్జిగ! కిందటేడు నేను ఒక ఇన్‌వాయిసులో ఊరి పేరు తప్పు కొడితే ఈ పెద్దమనిషి వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకెవరిచ్చారండీ మజ్జిగ? నేను పొరపాటు చేస్తే తిట్లు, నా పొరపాటు ఆవిడ నెత్తిన వేసుకుంటే మజ్జిగ. చివరికి నా తప్పు మీద కూడా ఆవిడకే మంచి పేరా?

"ఆ తప్పు ఆవిడది కాదండి! నాది!" అని అరిచేశాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. అత్తయ్యగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "చూశారా, పెద్దకోడలంటే ఇలా ఉండాలి! చెల్లెలి మీదకి మాట రాకుండా తన మీద వేసుకుంటోంది" అన్నారు. మా ఆయన నా వంక కొత్తగా, మురిపెంగా చూశాడు. మావయ్యగారు తలూపారు.

ఇన్నేళ్ళకి నన్ను మెచ్చుకున్నారు, అదీ లేని మంచితనానికి. ఒక్క క్షణం నోరు మూసుకుందామనుకున్నాను, అబద్ధమెందుకు. ఊరుకుంటే కుర్చీ ఉంటుంది, పేరొస్తుంది. సూర్యకళ ఎలాగూ చెప్పదు. కానీ అరుగు మీంచి నీడవల కనిపిస్తోంది, దాని కింద బూడిదరంగు తిరిగిన ఆ మొవ్వు కనిపిస్తున్నట్టే ఉంది.

"మంచితనం కాదండి అత్తయ్యా. చీటీలో ఇచ్చింది తీసేసి పాత పాస్‌వర్డు నేనే మళ్ళీ పెట్టాను. అందులోంచే దొంగ దూరాడు. మావయ్యగారూ, అది మీరు పెట్టిన పేరండి. నా పేరు. తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు."

"నేను పెట్టానా?" అన్నారాయన.

"మరిచిపోయారాండి? రాజమండ్రి నుంచి వచ్చినాయన అడిగితే, నా వంక చూసి దుర్గ అని పెట్టమన్నారు."

ఆయన బుర్ర గోక్కుని, గుర్తొచ్చి పకపకా నవ్వారు. "ఓసి పిచ్చిదానా! ఆయన బస్సుకి టైమైపోతోందండి, ఏదో ఒక పేరు తొందరగా చెప్పండని ప్రాణం తీశాడు. నువ్వు టీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డావు. నీ పేరు చెప్పేశాను. నీ బదులు త్రిమూర్తులుంటే త్రిమూర్తులనే చెప్పేవాణ్ణి."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నేళ్ళుగా ఎవరు ఆ పేరు కొట్టినా మురిసిపోయానే, అదంతా నేను టీ తెచ్చి ఎదురుపడ్డందుకా? ఆ టీకి కూడా ఆహా అనలేదు మనిషి! ఏడుపొస్తే ఎవరికీ కనపడకూడదని లేచి ఆఫీసుకి నడిచాను. వెనకే చెప్పుల చప్పుడు. సూర్యకళ. అందరిలోకీ నవ్వనిది ఆమె ఒక్కతే. అది కూడా నాకు నచ్చలేదు.

"ఎందుకు నీ మీద వేసుకున్నావే?" అన్నాను గదిలోకి రాగానే. "నా మీద జాలా?"

"అబద్ధం చెప్పలేదండి అక్కా. అలాంటి తేలిక పాస్‌వర్డు ఒప్పుకోవద్దని సర్వర్‌కి నేను ముందే చెప్పి ఉండాలి. గంటకి ఇన్ని మెయిల్స్ మించి వెళ్ళకుండా హద్దు పెట్టాలి. రెండూ చెయ్యలేదు." కిటికీ చువ్వ గోకుతూ, "పైగా మిమ్మల్ని ఈ కుర్చీలోంచి లేపితే ఇక్కడ నన్ను కూర్చోబెడతారు. నాకేం వచ్చని? వేరుముద్దంటే ఏంటో కూడా తెలీదు. మస్కట్ వాళ్ళైనా, బెంగళూరు వాళ్ళైనా ఫోన్ తియ్యగానే దుర్గగారున్నారా అంటారు. సర్వర్ పెట్టింది నేను, చూసుకునేది నేను. ఒక్కడంటే ఒక్కడు ఇన్నాళ్ళలో నా పేరు అడిగాడా? నాకు మాత్రం ఉండదా అక్కా, కడుపుమంట?" అంది.

ఏమన్నావు? మళ్ళీ అను, అనాలనిపించింది. సూర్యకళకి నా మీద కడుపుమంట! నా మీద! సాయంత్రం ఆమెకి ఇచ్చిన మజ్జిగ మొత్తం తెచ్చి నా గుండెల మీద పోసినట్టయింది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి, నేను ఓదార్చాలి, అది నాకు తెలుసు. కానీ కాసేపు ఆ చల్లదనం అనుభవించి, తర్వాతే భుజం మీద చెయ్యి వేశాను.

"ఊరుకో. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"కొత్తది పెట్టండి. ఒకదానికొకటి పొంతన లేని మాటలు నాలుగైదు వరసగా కొట్టండి. పేర్లు వద్దు. నాక్కూడా చెప్పద్దు" అని గోడ వైపు తిరిగింది. కొట్టాను. పాస్‌వర్డు ఒక్కటే చాలదట, తెరిచిన ప్రతిసారీ నా ఫోనుకి వచ్చే అంకెలు కూడా కొట్టాలట. ఆమె తన వంతు హద్దులన్నీ బిగించింది. బ్లాక్‌లిస్టు వాళ్ళకి రాయాల్సిన కారణం మాత్రం నేనే రాశాను. మా ఆఫీసులో ఒకరు పాత పాస్‌వర్డు మళ్ళీ పెట్టారు, ఆ ఒకరు నేనే, ఇప్పుడు మార్చాను అని ఇంగ్లీషులో రాసి కింద నా పూర్తి పేరు, వెంకటదుర్గ అని పెట్టాను. సూర్యకళ చదివి ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

గురువారం మధ్యాహ్నానికి మా పేరు తీసేశారు. మళ్ళీ ఎక్కించలేదు. కాగితాలు పంపాను. శాంతికుమార్‌గారు అందాయని ఫోన్ చేసి, అనుమతి పైవాళ్ళు ఇవ్వాలండి, చూద్దాం అన్నాడు. నీడవల కింద నీళ్ళు చల్లిస్తూనే ఉన్నాం. సాయంత్రమయ్యేసరికి ఆగలేక ఇంటిల్లిపాదీ ఆఫీసు గదిలో చేరారు. త్రిమూర్తులు అలవాటు కొద్దీ వంగి పాత పేరు కొట్టాడు. తెర ఎర్రగా తిట్టింది. మావయ్యగారు తన చీటీ తీసి చూసుకుంటే అది ఆయన మెయిల్‌కి తప్ప దీనికి పనికి రాలేదు.

"అమ్మా దుర్గా, జవాబొచ్చిందేమో కాస్త చూడమ్మా" అన్నారు.

చక్రం విరిగిన నా కుర్చీలో కూర్చున్నాను. "అందరూ కాస్త అటు తిరగండి" అన్నాను. ముందు సూర్యకళ తిరిగింది. తర్వాత మా ఆయన, మరిది, త్రిమూర్తులు, అత్తయ్యగారు. మావయ్యగారు ఒక్క క్షణం తటపటాయించి, "ఆయ్, సరే" అని ఆయన కూడా క్రోటన్ల వైపు తిరిగి చేతులు కట్టుకు నిలబడ్డారు. అంతమంది వీపులూ ఒక్కసారిగా చూడటం నాకదే మొదలు. తొందరపడకుండా ఒక్కో అక్షరం కొట్టాను.

జవాబు వచ్చి ఉంది. అనుమతి ఇచ్చారు. పైన దుర్గగారికి అని రాసి ఉంది. వెంటనే చెప్పలేదు. నా పేరున్న ఆ వరస ఇంకోసారి చదువుకున్నాను. తర్వాత "కంటైనరు పిలిపించండి" అన్నాను. మా మరిది వినీ వినకుండానే బయటికి ఉరికాడు. బూడిదరంగు తిరిగిన చెట్టొక్కటే మా దగ్గర ఉండిపోయింది, మిగతావన్నీ ఎక్కించడానికి సిద్ధమయ్యాయి.

ఆ సాయంత్రం అందరికీ నేనే టీ పెట్టాను. మావయ్యగారు తాగి, ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టేసి లోడింగు చూడ్డానికి వెళ్ళిపోయారు. సూర్యకళ ఆ గ్లాసు వంకా నా వంకా చూసి, తన గ్లాసు పైకెత్తి, అచ్చం మావయ్యగారి గొంతుతో "ఆహా" అంది. నాకు నవ్వాగలేదు. ఎంత నవ్వానంటే పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆ నవ్వు తెప్పించింది కూడా ఆవిడేనని తర్వాత గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది.